తొలి నీళ్ళకు తొమ్మిది గంటలు

హైదరాబాదు,
ఫిబ్రవరి 18

గౌరవనీయులు ఈరన్న గారికి నమస్కారాలు.

నేనెవరో మీకు తెలియదు. నా పేరు గీతాంజలి. మీ ఊరి పక్క, కోస్తా నుంచి వలస వచ్చిన రైతుల క్యాంపు బడిలో పాఠాలు చెప్పిన చెన్నకేశవరావు మేష్టారు మా తాతయ్య. మా అమ్మ శ్యామలాదేవి ఆయన కూతురు. నేను సినిమాలకూ సీరియళ్ళకూ కథలు రాస్తుంటాను.

తాతయ్య 1969లో రాసిన ‘పదో మైలు’ నవలను ఇప్పుడు ఆరు భాగాల వెబ్ సిరీస్‌గా తీస్తున్నాం. డిటెక్టివ్ నవలలు చదివే పాతతరం వాళ్ళకు ఆ పేరు చెబితే చాలు, కథంతా ఒప్పజెబుతారు. ముందుమాటలో ఒక వాక్యం ఉంది: "కాలవ గంటలు చెప్పిన లస్కరు మిత్రుడు ఈరన్నకు." ఆ ఈరన్న మల్లట్‌లోనే ఉన్నారని అమ్మ చెబితే మీ ఇంటి నంబరు సంపాదించి ఫోన్ చేశాను. మీ కోడలు అలివేలమ్మ గారు ఎత్తారు. "మా మామకు ఫోన్ల మాట వినపడదమ్మా. వినపడ్డా మాట్లాడడు. కాయితం రాయి, జవాబు రాస్తడు" అన్నారు. అందుకే ఈ ఉత్తరం.

మీకు తెలిసిన కథే అయినా మేం ఎలా చెప్పుకుంటున్నామో రాస్తాను. షావుకారు శరభయ్యను ఎవరో కాళ్ళూ చేతులూ కట్టి, ఎండిపోయిన కాలవలో పదో మైలు వంతెన కింద పడేస్తారు. ఏడాదికి తొలిసారి నీళ్ళు వదలబోయే వారం అది. ఎవరికీ చెప్పకుండా ఎవరో పైన తూము తెరుస్తారు. నీళ్ళు వచ్చి షావుకారును ముంచేస్తాయి. ఆయన చేతి గడియారం సాయంత్రం నాలుగింటికి ఆగిపోయి ఉంటుంది. తూము నుంచి పదో మైలుకు నీళ్ళు రావడానికి ఆరు గంటలు. అంటే తూము తెరిచింది పొద్దున పదింటికి. ఆ వేళకు తూము దగ్గర కనిపించినవాడు కాలవ కొస రైతు దేవప్ప. డిటెక్టివ్ అనంతం గడియారం పైకెత్తి చూపించి, "నీళ్ళు అబద్ధమాడవు" అంటాడు. కథ అక్కడితో ముగుస్తుంది.

నాకు మీ నుంచి కావలసినవి చిన్న చిన్న సంగతులు. కాలవ తూములు చూసుకునే లస్కర్లు అప్పట్లో ఏం వేసుకునేవారు? తూము షట్టరు ఎత్తాలంటే ఎన్ని చుట్లు తిప్పాలి? చప్పుడు ఎలా ఉంటుంది? జూలైలో తొలి నీళ్ళప్పుడు మీ దగ్గరే షూటింగ్ చేయాలని మా డైరెక్టరు చంద్రమోహన్ గారి ఆలోచన.

మీ జవాబు కోసం చూస్తుంటాను.

గీతాంజలి

*

మల్లట్,
మార్చి 2

అమ్మా గీతాంజలీ,

నీ ఉత్తరం అందింది. మేష్టారు మనవరాలివి అని తెలిసి సంతోషం. నాకు రాత పెద్దగా రాదు. నాలుగో తరగతి వరకే చదివాను. నవల చదవడం మాత్రం మేష్టారే నేర్పించారు.

అడిగినవాటికి జవాబులు. ఖాకీ చొక్కా, ఖాకీ నిక్కరు. ఏడాదికి రెండు జతలు ఇచ్చేవారు. తలకు తువ్వాలు మాది. చేతిలో కర్ర. షట్టరుకు ముప్పై రెండు చుట్లు. మొదటి నాలుగు బరువు, తర్వాత తేలిక. గ్రీజు వేసి ఉంటే చప్పుడు రాదు. మా తూముకు ఎప్పుడూ గ్రీజు ఉండేది. సినిమాలో కిర్రుమని పెట్టకండి. చూసినవాళ్ళు ఈరన్న తూము ఇట్లా ఉంచాడా అనుకుంటారు.

నలభై ఏళ్ళు ఆ కాలవ మీద పనిచేశాను. తొలి నీళ్ళు వదిలినప్పుడు నీళ్ళకు ముందు నడిచేవాణ్ణి. చెత్త, కంప తీసుకుంటూ కొస దాకా పోవాలి. ఏ ఏడూ నీళ్ళు నన్ను దాటి పోలేదు.

ఒకటి అడుగుతాను. కథ ఆఖరు ఏమైనా మారుస్తారా?

ఈరన్న

*

హైదరాబాదు,
మార్చి 14

ఈరన్న గారికి నమస్కారాలు.

మీ ఉత్తరం మా ఆఫీసులో అందరూ చదివారు. గ్రీజు మాట చదివి చంద్రమోహన్ గారు, "కిర్రుమనే చప్పుడు కోసం మూడు రోజులు వెతికామండీ, మొత్తం పోయింది" అని నవ్వేశారు. మీ తూము చప్పుడు చేయదు. మాట ఇస్తున్నాను.

ఆఖరు గురించి మీరు బెంగపడకండి. ఒక్క అక్షరం మారదు. మా అమ్మ సంతకం పెట్టే ముందు అడిగిన షరతే అది. "మా నాన్న రాసిన హంతకుణ్ణి మార్చారో, నేను మీ గుమ్మం ముందు కూచుంటాను" అంది. ఆవిడ కూచోగలదు కూడా.

దేవప్ప వేషానికి మంచి నటుడు దొరికాడు. ఆరడుగుల మనిషి, ఎర్ర కళ్ళు. మొదటి పోస్టరు ఆయన మీదే వేస్తున్నారు. నకలు ఒకటి ఈ కవరులో పెట్టాను. కింద పెద్ద అక్షరాలతో ఉన్నది ఎలా ఉందో చెప్పండి: ‘ఖూనీ దేవప్ప’. నవల వచ్చిన రోజుల్లో రాయచూరు జిల్లాలో పిల్లలు ఆ పేరు చెప్పుకొని ఆడుకునేవారట, నిజమేనా? అమ్మ చెప్పింది.

గీతాంజలి

*

మల్లట్,
మార్చి 27

అమ్మా,

పోస్టరు చూశాను. పిల్లలు ఆడుకున్న మాట నిజం.

దేవప్ప పేరు మార్చమని నా మనవి. కథ మీ ఇష్టం. పేరు మాత్రం వేరేది పెట్టండి.

ఎండలు షురూ అయ్యాయి. ఇంకేమీ లేదు.

ఈరన్న

*

హైదరాబాదు,
ఏప్రిల్ 8

ఈరన్న గారికి,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. ఎందుకని ఒక్క మాటైనా రాస్తారేమోనని వెతికాను.

ఆ పేరు తీయడం కష్టమండీ. ‘పదో మైలు’ అనగానే గుర్తొచ్చేవి రెండే, ఆగిన గడియారం, దేవప్ప. మీరు తాతయ్య మిత్రులు, కారణం లేకుండా అడగరు. ఆ కారణం చెబితే నేను వీళ్ళతో మాట్లాడగలను. లేకపోతే నా మాట ఎవరు వింటారు?

గీతాంజలి

*

మల్లట్,
ఏప్రిల్ 21

అమ్మా గీతాంజలీ,

ఈ ఉత్తరం రాయడానికి పది రోజులు పట్టింది. తప్పులుంటే మన్నించు.

దేవప్ప అనే మనిషి ఉన్నాడు. కథలో కాదు, ఇక్కడే. కాలవ కొసన ఉన్న పల్లెలో. ఎనభై నాలుగేళ్ళు. ఆరడుగులు లేడు. కళ్ళు ఎర్రగా ఉండవు, కండ్లకలక వచ్చినప్పుడు తప్ప.

మేష్టారు నవల రాసేటప్పుడు సాయంత్రం తూము దగ్గరకు వచ్చి అరుగు మీద కూర్చునేవారు. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు, కొలువులో చేరి నాలుగు నెలలు. ఆయనంటే భయం, గౌరవం. ఒకరోజు, "ఈరన్నా, కొస రైతుకు ఈ పక్క పేరు ఒకటి చెప్పు" అన్నారు. పుస్తకంలో పేరు పడుతుందని నాకు గర్వం అనిపించింది. నాకు బాగా తెలిసిన మంచి మనిషి పేరు చెప్పాను. వాడు మంచివాడో చెడ్డవాడో ఆయన చెప్పలేదు. నేను అడగలేదు.

ఇంకొక రోజు, "తూము నుంచి పదో మైలుకు నీళ్ళు ఎన్ని గంటల్లో పోతాయి?" అన్నారు. ఆరు అన్నాను. అది నడిచే కాలవకు. అడుగు తడిసి ఉంటే ఆరు గంటలే. కథలో ఉన్నది తొలి నీళ్ళని నాకు తెలియదు. తొలి నీళ్ళకు ఆరు గంటలు చాలవు. ఎండాకాలం నల్లరేగడి నెర్రెలిచ్చి ఉంటుంది. చెయ్యి మోచేతి దాకా పోతుంది ఆ నెర్రెల్లో. అవన్నీ తాగాకే నీళ్ళు ముందుకు కదులుతాయి. పదో మైలుకు తొమ్మిది గంటలు పడుతుంది.

పుస్తకం అచ్చయి వచ్చాక చదివాను. ఆఖరు పేజీకి వచ్చాకే నేను చేసింది తెలిసింది. అప్పటికే ఊరూరా చదువుతున్నారు. మేష్టారు సంతోషంగా ఉన్నారు. ఏమని చెప్పను? చెప్పలేకపోయాను.

దేవప్ప నీళ్ళు అడగడానికి పైకి వస్తే పై పొలాల రైతులు, "ఖూనీ దేవప్ప వచ్చిండు, తూము దాయండ్రి" అని నవ్వేవారు. మొదట్లో ఆయనా నవ్వాడు. తర్వాత రావడం మానేశాడు. తూము దగ్గర కాలు పెట్టి యాభై ఏళ్ళు దాటింది. నీళ్ళు అడగడానికి రాని రైతుకు నీళ్ళు ఎవరిస్తారు? వరి వేయాల్సిన చేను, జొన్నతోనే ఉండిపోయింది.

ఇప్పుడు ఆ పోస్టరు ప్రతి ఫోన్‌లోకీ వస్తుంది. అందుకే అడిగాను.

ఈరన్న

*

హైదరాబాదు,
మే 5

ఈరన్న గారికి,

మీరు రాసినది అమ్మకు చదివి వినిపించాను. విని లేచి లోపలికి వెళ్ళిపోయింది. అరగంట తర్వాత వచ్చి, "ఆయన పోయి పాతికేళ్ళయింది, ఇప్పుడు గుర్తొచ్చిందా ఈయనకి లెక్క?" అంది.

నాకూ బాధగానే ఉంది. యాభై ఏళ్ళకు పైగా ఇంతమంది చదివారు. ఇంజనీర్లు చదివారు, పోలీసులు చదివారు. ఒక్కరూ లెక్క తప్పని అనలేదు. ఆ లెక్క పోతే నవలలో ఏం మిగులుతుంది? తాతయ్య జీవితంలో రాసింది ఆ ఒక్క పుస్తకమే. చిన్నప్పుడు నన్ను ఒళ్ళో కూచోబెట్టుకుని నాకు గడియారం చూడడం నేర్పింది కూడా ఆ ఆఖరు పేజీతోనే. చంద్రమోహన్ గారైతే, "తొమ్మిదో ఆరో కొలిచేదెవరండీ, ఉన్నట్టే షూట్ చేసేద్దాం" అన్నారు.

మీ మాట కాదనడం లేదు. కానీ మాటతో ఇంతమందిని ఒప్పించలేను. రుజువేదైనా ఉందా?

దేవప్ప గారి సంగతికి మాత్రం చింతిస్తున్నాను.

గీతాంజలి

*

మల్లట్,
మే 16

అమ్మా,

మీ అమ్మగారిది న్యాయమైన కోపం. నేనైనా అంతే అంటాను.

మేష్టారు తప్పు రాయలేదు. నేను చెప్పింది రాశారు. ఆయన పుస్తకంలో పోయేదేమీ లేదు. ముప్పై ఒకటో పేజీ తీసి చూడు. పొద్దున ఏడింటికి తూము బంగళాలో టీ తాగుతూ ఎవరున్నారు? షావుకారుకు బాకీ ఉన్న కాలవ కంట్రాక్టరు. నలభై నాలుగో పేజీ చూడు. ఏడింటికి దేవప్ప ఎక్కడున్నాడు? సంతలో, ఎద్దు మెడకు గంట బేరం చేస్తున్నాడు. పదిమంది చూశారు. నాలుగింటికి తొమ్మిది గంటలు వెనక్కి లెక్కపెట్టు. ఏడు. మేష్టారు అన్నీ సరిగానే పేర్చారు. నేను ఇచ్చిన ఒక్క రాయే వంకర.

పుస్తకంలో దేవప్ప ఒకే ఒక మాట అంటాడు. "నేను వచ్చేసరికే తూము తెరిచి ఉంది." ఎవరూ నమ్మరు. నేను నమ్మాను. ఎన్నిసార్లు చదివినా నమ్మాను.

రుజువు అడిగావు. కాలవకు ఇప్పుడు సిమెంటు వేశారు. కొసన మూడు మైళ్ళు మాత్రం ఇంకా మట్టిదే, బిల్లు పాస్ కాలేదు. జూలై ఆఖరున తొలి నీళ్ళు వదులుతారు. నువ్వు రా. మీ డైరెక్టరును తీసుకురా. గడియారం మీది. నేను ముందు నడుస్తాను. ఆ మూడు మైళ్ళకు నీళ్ళు రెండు గంటల లోపు వస్తే నా మాట తప్పు, మళ్ళీ నోరెత్తను.

ఇంకొకటి దాచాను. అదీ చెబుతాను. దేవప్ప మా యంకవ్వ అక్క పెనిమిటి. నా సొంత బావ. ఆ ఏడాదే వాళ్ళ పెళ్ళి అయింది. బావ పేరు పుస్తకంలో పడితే అక్క మురిసిపోతుందని చెప్పాను. పేరు ఇచ్చింది నేనని, గంటలు చెప్పింది నేనని వాళ్ళకు ఇప్పటికీ తెలియదు. ముందుమాట వాళ్ళకు ఎవరూ చదివి పెట్టలేదు. నేను పెట్టలేదు.

ఈరన్న

*

హైదరాబాదు,
ఆగస్టు 3

ఈరన్న తాతా,

ఇలా పిలవడానికి మీ అనుమతి అడగడం లేదు. మూడు మైళ్ళు మీ వెనకాల నడిచినదానికి నాకు ఆ హక్కు వచ్చింది.

మల్లట్ నుంచి వచ్చినప్పటి నుంచీ అందరికీ తొలి నీళ్ళ సంగతే చెబుతున్నాను. నీళ్ళంటే ఉరుకుతూ వస్తాయని అనుకున్నాను. రాలేదు. ముందు ఎండుటాకులు, నురగ, తెగిన చెప్పు ఒకటి, వాటి వెనక గోధుమరంగు నాలుకలాగా మెల్లగా పాకుతూ వచ్చాయి. ప్రతి నెర్రె దగ్గరా ఆగిపోయాయి. లోపలికి గుడగుడమని దిగి, బుడగలు తేలి, నెర్రె నిండాక గానీ అడుగు ముందుకు పడలేదు. తేళ్ళు బయటికి వచ్చాయి. కొంగలు నీళ్ళకు రెండడుగుల ముందు నడిచాయి. వాటికి రెండడుగుల ముందు మీరు.

మీరు ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. కర్రతో కంప లాగి గట్టు మీద వేస్తూనే ఉన్నారు. చంద్రమోహన్ గారు, "పెద్దాయనా, కాసేపు కూచోండి, నీళ్ళు ఎక్కడికీ పోవు" అంటే, మీరు, "పోతయి సారూ. నేను కూసుంటే పోతయి" అన్నారు. ఆ మాట ఆయన రోజుకు రెండుసార్లు చెప్పుకుంటున్నారు.

రెండు గంటల నలభై అయిదు నిమిషాలు. ఆ లెక్కన పది మైళ్ళకు తొమ్మిది గంటల మీద పది నిమిషాలు. గడియారం పట్టుకున్నది నేనే. చంద్రమోహన్ గారు అది లాక్కుని చూసి, మళ్ళీ ఫోన్ తీసి చూసి, గట్టు మీద కూలబడి, "తమ్ముళ్ళూ, హంతకుడు మారాడు" అన్నారు.

ఇంటికి వచ్చాక అమ్మతో వాదన పెట్టుకోలేదు. తాతయ్య పుస్తకం తెచ్చి ముప్పై ఒకటో పేజీ, నలభై నాలుగో పేజీ తెరిచి ముందు పెట్టాను. చదివింది. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంది. పుస్తకం మూసి, "కంట్రాక్టరు టీ తాగాడని నాన్న ఊరికే రాయరు. నాన్న ఊరికే ఏదీ రాయరు" అంది. తర్వాత, "హంతకుణ్ణి మార్చట్లేదుగా మీరు. అసలు హంతకుణ్ణి పట్టుకుంటున్నారు. సరే" అంది.

ఆరో భాగం మళ్ళీ రాస్తున్నాను. డిటెక్టివ్ అనంతం ముందు ఆరు గంటలని పొరబడతాడు. ఒక లస్కరు వచ్చి దిద్దుతాడు. పాత పోస్టరు తీసేశారు.

ఒక్కటే మిగిలింది. నవంబరులో ఇది బయటికి వస్తుంది. కథ వెనక సంగతి పత్రికల్లో రాస్తారు, మీ పేరు వస్తుంది. యంకవ్వ గారికి ఆ సంగతి ఎవరో ఫోన్‌లో చూపించి చెప్పే ముందు, మీరు చెప్పాలి. ఆ రోజు వాళ్ళ ఇంటి ముందు నుంచే నడిచి వెళ్ళాం. మీరు తల వంచుకుని దాటేశారు. నేను చూశాను.

మీ గీతాంజలి

*

మల్లట్,
సెప్టెంబరు 11

గీతాంజలమ్మా,

నెల దాటింది రాయక. నాలుగుసార్లు అక్క ఇంటికి పోయి చెప్పకుండా తిరిగి వచ్చాను. అయిదోసారి చెప్పాను. ఎట్లా జరిగిందో అట్లా రాస్తున్నాను.

అక్క పొయ్యి ముందు జొన్నరొట్టె తడుతోంది. బావ గడప అవతల మంచం మీద ఉన్నాడు. నేను నిలబడే ఉన్నాను.

"ఏందిరా, పోలీసు లెక్క నిలవడ్డవ్? కూసో" అంది అక్క.

కూర్చోలేదు. కూర్చుంటే మళ్ళీ వాయిదా పడుతుందని భయం. పేరు సంగతి, గంటల సంగతి, మొదటి నుంచి చెప్పాను. నా జన్మలో ఒక్కసారిగా అన్ని మాటలు మాట్లాడలేదు.

అక్క రొట్టె తిప్పింది. పెనం మీద నుంచి తీసింది. ఇంకొకటి వేసింది.

"తొలి నీళ్ళకు ఆరు గంటలని చెప్పినవా?"

"తొలి నీళ్ళని ఆయన చెప్పలేదక్కా."

"నువ్వు అడగొద్దా? నోరు లేదా? నన్నడిగినా చెప్తుంటి. పొద్దుగాల తూము ఇడిసిరంటే మాపటికి గాని మా రేవుకు నీళ్ళు రావు. బట్టలు పిండేటిదానికి ఎరుక లేదా? లస్కరంట, లస్కరు."

ఆమెకు కోపం నేను దాచినందుకు కాదు. గంటలు తప్పు చెప్పినందుకు. మా ఇంట్లో పుట్టినవాడు నీళ్ళ లెక్క తప్పు చెప్తాడా అని.

బావ మంచం పట్టె పట్టుకున్నాడు. మెల్లగా లేచి కూర్చున్నాడు.

"పేరు గూడ నువ్వే ఇచ్చినవా?"

"ఇచ్చిన బావా."

"ఎందుకు?"

"మంచి మనిషి పేరని."

బావ కాళ్ళు మంచం కిందికి దించాడు. "ఆ ఏడు తూము కాడ మేష్టారుతోని నాకు జగడమైంది, నీకు యాదికుందా? క్యాంపోళ్ళు మా నీళ్ళు తాగుతుండ్రని ఆయన మీదికి పోయిన. ఆ పగతోని నన్ను ఖూనీకోరును చేసి రాసిండనుకున్న. గిన్నేండ్లు గట్లనే అనుకున్న. ఆయన సచ్చిపోతే మట్టి వెయ్యనీకి గూడ పోలే."

జగడం నాకు తెలుసు, ఈ అనుమానం తెలియదు. ఆయన మనసులో అది ఉందని ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా అనలేదు. నేనూ దాచాను, ఆయనా దాచాడు.

"మేష్టారుకు నీ మీద పగ లేదు బావా. జగడమైన మరునాడే, దేవప్ప అడిగింది న్యాయం ఈరన్నా అన్నారు. నీ పేరు నేను చెప్పినప్పుడు, పేరు బాగుంది అన్నారు."

"గట్లన్నడా?"

"అన్నడు."

బావ మళ్ళీ పడుకున్నాడు. అటు తిరిగి పడుకున్నాడు. అక్క నాకు రెండు రొట్టెలు పెట్టింది. పళ్ళెంలో కారం ఎక్కువ వేసింది. తిన్నాను.

నేను వచ్చేటప్పుడు బావ అటు తిరిగే, "వాళ్ళ బిడ్డ ఉందంటివి గదా. నేను మట్టికి రాలేదని చెప్పు. తెల్వక రాలేదని చెప్పు" అన్నాడు.

అది నీకు చెబుతున్నాను. మీ అమ్మగారికి చెప్పు.

ఈరన్న

*

హైదరాబాదు,
అక్టోబరు 29

ఈరన్న తాతా,

అమ్మకు చెప్పాను. ఏడ్చింది. తర్వాత తాతయ్య పుస్తకం మిగిలి ఉన్న మూడు ప్రతుల్లో ఒకటి తీసి, ఆఖరు పేజీలో ‘ఆరు’ కొట్టేసి ‘తొమ్మిది’ అని తన చేత్తో దిద్దింది. మొదటి పేజీలో ‘దేవప్ప గారికి, చెన్నకేశవరావు తరఫున’ అని రాసింది. ఈ కవరులో ఉంది. మీరే చదివి వినిపించాలి, ముందుమాటతో సహా.

సిరీస్ నవంబరు పద్నాలుగు సాయంత్రం వస్తుంది. ఆరో భాగం ఆఖరున పేర్లు పడేటప్పుడు టీవీ ఆపేయకండి.

మీ గీతాంజలి

*

మల్లట్,
నవంబరు 24

గీతాంజలమ్మా,

అక్క ఇంట్లో చూశాం. బావ మనవడు లోకేశ్ తన టీవీకి ఏదో తీగ తగిలించాడు. అక్క, బావ, అలివేలమ్మ, నేను. వాకిట్లో ఇరవైమంది.

దేవప్ప వేషగాణ్ణి చూసి బావ, "నేను గింత లావు ఎన్నడుంటి?" అన్నాడు. అక్క, "పెండ్లప్పుడుంటివి" అంది.

తూము చప్పుడు చేయలేదు. మాట నిలబెట్టుకున్నావు.

ఆరో భాగంలో ఆ వేషగాడు, "నేను వచ్చేసరికే తూము తెరిచి ఉంది" అన్నాడు. అనంతం అతని వంక చూసి, "నిజమే దేవప్పా" అన్నాడు. బావ లోకేశ్‌తో, "ఇంకొకపారి పెట్టు" అన్నాడు. పెట్టాడు. "ఇంకొకపారి" అన్నాడు. మూడుసార్లు చూశాం. మూడోసారి బావ ఆ మాట తనూ అన్నాడు, వేషగాడి కంటే ముందే.

ఆఖరున పేర్లు పడ్డాయి. అలివేలమ్మ లేచి టీవీ దగ్గరకు పోయి వేలు పెట్టి చదివింది. "కాలవ గంటలు: ఈరన్న, లస్కరు." వాకిట్లో వాళ్ళు చప్పట్లు కొట్టారు. నేను తల ఎత్తలేదు. అక్క మాత్రం, "ఇప్పుడు సరిగ్గ చెప్పిండు" అని అందరితో అంది.

నువ్వు పంపిన పుస్తకం మర్నాడు చదివి వినిపించాను. ముందుమాటలో నా పేరు కూడా చదివాను. బావ ఆగమనలేదు. అయిపోయాక పుస్తకం తీసుకుని తలగడ కింద పెట్టుకున్నాడు. ఆయనకు చదవడం రాదు. అయినా అక్కడే ఉంది.

అసలు సంగతి రాయాలి. మొన్న బుధవారం కొస పొలాలకు నీళ్ళ వంతు. నేను తూము దగ్గర అరుగు మీద కూర్చుని ఉన్నాను, ఊరికే, అలవాటు. లోకేశ్ బండి మీద బావ వచ్చాడు. దిగి, కర్ర పట్టుకుని, గట్టు ఎక్కాడు. ఇప్పటి లస్కరు యల్లేశ్ చూసి, నోటి అలవాటు కొద్దీ, "ఓహో, ఖూనీ దేవప్ప వచ్చిండు" అన్నాడు. అని నాలుక కరుచుకున్నాడు.

బావ నిలబడ్డాడు. "ఆ తూము నేను తెరవలే" అన్నాడు. "గిది తెరుస్త. జరుగు."

యల్లేశ్ జరిగాడు. బావ షట్టరు చక్రం మీద రెండు చేతులూ వేశాడు. మొదటి నాలుగు చుట్లు బరువని నీకు రాశాను కదా. ఆ నాలుగూ బావ తిప్పాడు. మిగతా ఇరవై ఎనిమిది యల్లేశ్ తిప్పాడు.

నేను పక్కన నిలబడి లెక్కపెట్టాను.

ఈరన్న